తొలి స్పర్శ

తొలకరి పడగానే కృష్ణా డెల్టాలో నేలతోపాటు కొన్ని జాగ్రత్తలూ మేల్కొంటాయి. పొలం గట్టు మీద నడిచే రైతు చేతికి కర్ర వస్తుంది. పొద్దుగూకిన తరువాత పెరట్లోకి వెళ్ళే ఇల్లాలు దీపం లేనిదే గడప దాటదు. గడ్డివామి నుంచి గడ్డి దూసేవాడు ముందుగా వామిని కర్రతో నాలుగుసార్లు తట్టి, ఆ తరువాతే చేయి పెడతాడు. పిల్లలు నోరు జారి 'పాము' అంటే పెద్దలు వారిస్తారు. రాత్రివేళ ఆ పేరు పలకరాదు, 'పురుగు' అనాలి. కాటు పడినా 'పురుగు ముట్టింది' అనే చెప్పుకుంటారు. ఒక ప్రాణిని దాని పేరుతో పిలవడానికే మనిషి జంకే చోట, దానిని అరచేతిలోకి తీసుకోవడమనే మాట ఎంత విడ్డూరంగా వినిపిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

గూడూరు అటువంటి చోటు. ఇది నెల్లూరు వైపు ఉన్న పెద్ద గూడూరు కాదు. కలంకారీ అద్దకానికి పేరుపొందిన పెడనకు పొరుగున, మచిలీపట్నానికి చేరువలో ఉన్న కృష్ణా జిల్లా గూడూరు. 1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ ప్రాంతమంతటా కాలువలు పారాయి. కాలువల వెంట వరి వచ్చింది. వరి వెంట ఎలుక వచ్చింది. ఎలుక వెంట పాము రాకుండా ఎలా ఉంటుంది? పంటబోదెల్లో నీరుకట్టె, గట్ల మీద జెర్రిపోతు, ఎలుక కలుగుల్లో నాగుపాము, గడ్డి దుబ్బుల్లో రక్తపింజర, రాత్రివేళ ఇళ్ళ పరిసరాల్లో కట్లపాము - డెల్టా రైతుకు ఇవన్నీ ఇరుగుపొరుగు వంటివే. అయినా ఆ ఇరుగుపొరుగు మధ్య పరిచయం తక్కువ, పగ ఎక్కువ.

ఈ పగలోనూ ఒక వింత ఉంది. కార్తీక శుద్ధ చవితినాడు, అంటే నాగుల చవితికి, ఊరు ఊరంతా తెల్లవారుజామునే లేచి పుట్ట దగ్గరకు వెళుతుంది. పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి, పిల్లల చెవులకు పుట్టమన్ను పెట్టి తిరిగివస్తుంది. ఆ మరునాడు అదే పుట్ట నుంచి ఒక పాము బయటకు వస్తే అదే ఊరు కర్రలు పట్టుకొని పరుగెత్తుతుంది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్న సామెత పుట్టకు మొక్కిన నోటి నుంచే వస్తుంది. కనబడని పాము దేవత, కనబడిన పాము శత్రువు. దివిసీమలోని మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని సర్పరూపంలో కొలిచే ఆలయం ఉంది. 2018 ఆగస్టులో అవనిగడ్డ పరిసరాల్లో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు, ఆస్పత్రులకు మందు చేర్చే ప్రయత్నాలతోపాటు ఆ ఆలయంలో సర్పశాంతి హోమం కూడా జరిగింది. దీనిని చూసి నవ్వినవారున్నారు. అయితే ఇంట్లో నేల మీద పడుకున్న బిడ్డ తెల్లవారేసరికి లేవకపోతే కలిగే భయం ఏ స్థాయిదో తెలిసినవారు అంత తేలికగా నవ్వలేరు.

ఎందుకంటే ఆ భయం కల్పన కాదు. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించినట్లు 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల ప్రాణాలు! వీరిలో అత్యధికులు పల్లెవాసులు. పావువంతుకు పైగా పదిహేనేళ్ళ లోపు పిల్లలు. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే నారు పోసి నాట్లు వేసే నెలల్లోనే జరిగాయి. భారం ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల జాబితాలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో భారత ప్రభుత్వం 2024లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. కాబట్టి గూడూరు రైతు చేతిలోని కర్రను మూఢనమ్మకమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

అయితే ఆ కర్రకు చదువు లేదు. నీటిలో కప్పలను పట్టుకొని బ్రతికే నీరుకట్టెకు విషం లేదు. పంటను తినే ఎలుకను తినే జెర్రిపోతుకు విషం లేదు. పొలంలో మనిషి కంటబడి కర్రదెబ్బకు చచ్చే పాముల్లో చాలా భాగం ఇటువంటివే. జెర్రిపోతు పొడవుగా ఉండడమే దాని నేరం. వేగంగా పరుగెత్తడమే దాని అపరాధం. భయం జాతులను చూడదు, ఆకారాన్ని చూస్తుంది. మసక వెలుతురులో తాడును చూసి పామని భ్రమించే రజ్జుసర్పభ్రాంతిని వేదాంతులు ఎన్నో శతాబ్దాలుగా ఉదాహరిస్తూనే ఉన్నారు. తాడుకే పాము రూపం కట్టగల మనస్సు, నీరుకట్టెకు నాగుపాము పడగను తగిలించడంలో ఆశ్చర్యమేముంది?

అందరి చేతులూ ఒక్కలా వణకవు. డెల్టా పొలాలలో ఎలుకలు పట్టే యానాదులను చూసినవారికి ఈ సంగతి తెలుసు. గట్టు మీద కలుగు కనబడగానే వారు వెంటనే తవ్వరు. ముందు కూర్చుంటారు. కలుగు నోటి వద్ద మట్టి తాజాగా ఉన్నదా, రాకపోకల జాడ ఎటువంటిది, లోపల ఉన్నది ఎలుకా, ఎలుకను మింగి పడుకున్న మరొకటా అని పరిశీలిస్తారు. మట్టికుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊదుతారు. పాము బయటకు వస్తే కేకలు ఉండవు. పక్కకు జరుగుతారు; అవసరమైతే పట్టి అవతలకు వదులుతారు. తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడు ఇదంతా చూస్తాడు. ఆ పిల్లవాడికి ఎవరూ ధైర్యం గురించి ఉపన్యాసం చెప్పరు. తండ్రి ముఖంలో కనబడని భయం కొడుకు ముఖంలోకి రాదు, అంతే. ఈ విద్యకు సమాజం ఇచ్చిన కూలి మాత్రం ఎన్నడూ గౌరవప్రదమైనది కాదు.

యానాదులకు దగ్గరి బంధువుల వంటి ఇరుళల కథ కొంత మెరుగు. తమిళనాడులోని ఈ గిరిజనులు ఒకప్పుడు పాము చర్మాల వ్యాపారానికి పాములను పట్టి ఇచ్చేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తరువాత చర్మాల ఎగుమతిపై వచ్చిన నిషేధం వారి జీవనోపాధిని తీసివేశాయి. అప్పుడు, 1978లో, చెన్నై సమీపంలోని వడనెమ్మేలిలో ఇరుళల పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. చంపడానికి పట్టిన చేతులే బ్రతికించడానికి పట్టసాగాయి. పామును పట్టి, విషం తీసి, కొద్దివారాల తరువాత తిరిగి అడవిలో వదులుతారు. ఆ విషం నుంచే పాముకాటుకు విరుగుడు మందు తయారవుతుంది. ఈ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడైయన్ అనే ఇద్దరిని 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించారు. అక్కడి చిత్తడి నేలల్లో విపరీతంగా పెరిగిపోయిన బర్మా కొండచిలువలను వెతకలేక ఆ ప్రభుత్వం తలపట్టుకొని ఉంది. వీరు నెల తిరగకముందే ఇరవైకి పైగా కొండచిలువలను పట్టి చూపారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ లభించింది.

ఈ సంఘం వెనుక ఉన్న వ్యక్తి రోములస్ విటేకర్. ఆయన 1943లో అమెరికాలో పుట్టి, 1951లో తల్లితోపాటు భారతదేశానికి వచ్చారు. ఆయన మారుతండ్రి రామ చటోపాధ్యాయ, 1952లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ కుమారుడు. కృష్ణా జిల్లాకూ పాములకూ మధ్య ఇటువంటి చుట్టరికం కూడా ఒకటి ఉన్నదన్నమాట! విటేకర్ చిన్ననాడు పాములపై చూపిన ఆసక్తిని తల్లి అణచివేయలేదు. కొడుకు పాము వైపు చూసినప్పుడు ఆమె కెవ్వున అరవలేదన్నది ఒక చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని 1969లో మద్రాసులో ఆయన స్థాపించిన పాముల పార్కుకు పునాది అక్కడే పడింది.

తల్లి అరవకపోవడానికి అంత ప్రాముఖ్యం ఉన్నదా అని సందేహించేవారికి సూసన్ మినేకా అనే శాస్త్రజ్ఞురాలు 1980లలో తన సహచరులతో కోతుల మీద చేసిన ప్రయోగాలు సమాధానం చెబుతాయి. అడవిలో పెరిగిన కోతులు పామును చూడగానే బెదిరిపోయాయి. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులు ఏమాత్రం బెదరలేదు. కాని భయపడుతున్న ఒక పెద్ద కోతిని చూపగానే అవి కూడా కొద్దిసేపట్లో భయం నేర్చుకున్నాయి. ఆపైన ఆమె బృందం ఒక చమత్కారం చేసింది. కోతి పువ్వును చూసి భయపడుతున్నట్లుగా దృశ్యాలను కూర్చి చూపింది. పిల్ల కోతులు పువ్వుకు భయపడడం నేర్చుకోలేదు! అంటే పాము భయం పుట్టుకతో పూర్తిగా రాదు. అలాగని ఒట్టి అలవాటు కూడా కాదు. నేల పుట్టుకతోనే దున్ని సిద్ధంగా ఉంటుంది. విత్తనం మాత్రం ఎదుటివారి ముఖం నుంచి వచ్చి పడుతుంది.

పడిన విత్తనం మొలిచి మానైన తరువాత పెకలించడం సాధ్యమా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు 1969లో ఈ ప్రశ్నను పరీక్షించారు. పాముకు భయపడి తోటపని మానుకున్నవారు, షికార్లు మానుకున్నవారు వారి వద్దకు వచ్చారు. కొందరిని కళ్ళు మూసుకొని పామును ఊహించుకోమన్నారు. కొందరికి ఇతరులు పామును పట్టుకునే చలనచిత్రం చూపారు. మరికొందరి పక్కన మాత్రం ఒక మనిషి నిలబడ్డాడు. విషం లేని ఒక పామును అతడు ముందు తాను పట్టుకొని చూపాడు. తరువాత వారిని ఒక అడుగు దగ్గరకు రమ్మన్నాడు. చేతికి తొడుగు వేసుకొని తాకమన్నాడు. ఆపైన తొడుగు తీసి తాకమన్నాడు. తల వైపు తాను పట్టుకొని తోక వైపు వారికి అందించాడు. ఈ మూడవ పద్ధతి తక్కిన రెండింటి కంటే స్పష్టంగా మిన్న అని తేలింది. వారిలో అత్యధికులు కొద్ది గంటల సాధనతోనే పామును ఒడిలో పెట్టుకొని కూర్చోగలిగారు. ఊహ చేయలేనిదీ, బొమ్మ చేయలేనిదీ పక్కన ఉన్న ఒక మనిషి చేయగలిగాడు. యానాది తండ్రి గట్టు మీద చేస్తున్నదీ అదే. ఆయనకు విశ్వవిద్యాలయం ఒక్కటే తక్కువ.

ఇక పెంపుడు పాము సంగతి. గూడూరులో ఎవరైనా ఒక జెర్రిపోతును పట్టి పెంచుకుంటానంటే చట్టం ఒప్పుకోదు. మన దేశపు పాములను పట్టడం, పెంచడం, అమ్మడం, ఆడించడం అన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరాలే. 'రెండు తలల పాము' ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని నమ్మి లక్షలు పోగొట్టుకున్నవారూ, జైలుకు వెళ్ళినవారూ తెలుగునాట లేకపోలేదు. దానికి నిజంగా ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండడం దాని దురదృష్టం. విదేశీ జాతుల విషయంలోనూ చట్టం మౌనంగా లేదు. అంతర్జాతీయ ఒప్పందం రక్షణలో ఉన్న జాతులను కలిగినవారు 2024 నాటి నియమాల ప్రకారం వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. అందువల్ల తెలుగువారికి పెంపుడు పాముతో తొలి పరిచయం సాధారణంగా సముద్రాల అవతలనే జరుగుతుంది. అమెరికాలో దుకాణానికి వెళ్ళి కుక్కపిల్లను తెచ్చుకున్నట్లే మొక్కజొన్న పామునో, బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువనో తెచ్చుకోవడం చాలా రాష్ట్రాలలో వింత కాదు. అక్కడ పెరిగిన తెలుగు పిల్లలకు అది ముచ్చట. వారిని చూడడానికి వెళ్ళిన తాతలకు అదే అగ్నిపరీక్ష.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. గూడూరులో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసి, కళ్ళంలో కుప్పల కింద ఎన్ని పాములను కొట్టారో లెక్క మరిచిన తాతగారు డల్లాస్‌లోని కొడుకు ఇంటికి వెళ్ళారు. మనవరాలి గదిలో గాజుపెట్టె ఉంది. పెట్టెలో ఒక బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందిన ఈ పాము అయిదు అడుగులకు మించి పెరగడం అరుదు. దానికి విషం లేదు. తాతగారికి ఈ వివరాలన్నీ చెప్పారు. ఆయన తల ఊపారు. ఆ రాత్రి ఆ గది తలుపు గడియ వేసి ఉన్నదా లేదా అని మూడుసార్లు లేచి చూసుకున్నారు. తెలుసుకోవడం వేరు, నమ్మడం వేరు. తల నమ్మిన తరువాత కూడా చేయి నమ్మడానికి చాలా కాలం పడుతుంది.

"ఇది నిన్ను చూసి భయపడుతోంది తాతయ్యా" అని మనవరాలు అన్నప్పుడు ఆయన దానిని పసిపిల్ల మాటగా తీసుకున్నారు. కాని అది అక్షరాలా నిజం. బాల్ పైథాన్‌కు ఆ పేరు వచ్చిందే దాని పిరికితనం వల్ల. బెదిరినప్పుడు అది కాటుకు దూకదు. తలను మధ్యలో దాచుకొని, ఒంటిని చుట్టూ చుట్టి బంతిలా ముడుచుకొంటుంది. కొత్త ఇంటికి తెచ్చిన పామును వారం రోజులపాటు, అది ఒకసారి ఆహారం తినేవరకు, ముట్టుకోరాదని పెంపకం తెలిసినవారు చెబుతారు. ఆ వారం మనిషికి ఎంత అవసరమో పాముకు కూడా అంతే అవసరం. గదికి ఒక మూల కుర్చీలో మనిషి, మరో మూల చిప్ప కింద పాము - ఇద్దరూ ఒకరి ఉనికిని ఒకరు కనిపెడుతూ ఉంటారు. పాముకు బయటకు కనబడే చెవులు లేవు. నేల అదురును ఒంటితో గ్రహిస్తుంది. చీలిన నాలుకను ఆడిస్తూ గాలిలోని వాసనను రుచి చూస్తుంది. ఆ నాలుకను చూసి పాము కోపంగా ఉందనుకోవడం పరిపాటి. నిజానికి అది 'ఎవరు మీరు?' అని అడుగుతోంది.

తొలిసారి చేయి చాచేవారు చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. భయం ఉన్న చేయి నెమ్మదిగా వెళ్ళి, సగంలో ఆగి, వేలికొసతో తాకి, చటుక్కున వెనక్కు వస్తుంది. పాముకు ఇంతకంటే అనుమానాస్పదమైన నడవడి మరొకటి లేదు. దాని అనుభవంలో అలా తాకి వెనక్కు తగ్గేది వేటాడబోయే జంతువే. తల మీదుగా దిగే చేయి మరీ ప్రమాదం. గద్ద వచ్చేది పైనుంచే కదా! కాబట్టి చేయి పక్కనుంచి, పాముకు కనబడేలా, తడబాటు లేకుండా రావాలి. తలను పట్టరాదు. ఒంటి నడిమి భాగం కింద అరచేతిని పోనిచ్చి, రెండవ చేతిని ఊతగా ఇచ్చి పైకెత్తాలి. బిగించరాదు. అది ముందుకు సాగితే సాగనివ్వాలి; ఒక చేతి నుంచి మరొక చేతిలోకి మెట్లు మెట్లుగా దారి ఇవ్వాలి. తనకు ఆధారం ఉన్నదని తెలిసిన పాము స్థిమితపడుతుంది. జారిపోతున్నానని తోచిన పాము చేతిని చుట్టుకుంటుంది. ఆ చుట్టుకోవడాన్ని కొత్తవారు దాడి అనుకొని విదిలించబోతారు. అది కొమ్మను పట్టుకున్నట్లు పట్టుకోవడమే.

చేతులు ముందుగా కడుక్కోవాలి. బాల్ పైథాన్ పెదవుల అంచున వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. వెచ్చని చేతికి ఎలుక వాసన కూడా తోడైతే దానికి అది చేయి అని తోచదు, భోజనం అని తోస్తుంది. పట్టుకున్న తరువాత మళ్ళీ కడుక్కోవాలి. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. ఆహారం తిన్నాక రెండు రోజులు దాని జోలికి పోరాదు. కుబుసం విడిచే ముందు దాని కళ్ళు పాలు కలిపినట్లు మసకబారతాయి. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు. ఆ రోజుల్లోనూ దానిని తన మానాన వదలాలి. మెడను వంకీలా వెనక్కు లాగినా, బుసకొట్టినా 'ఈ రోజు వద్దు' అని అర్థం. ఒకవేళ కరిచినా చేయి లాగేయరాదు. దాని పళ్ళు సన్నగా, లోపలికి వంగి ఉంటాయి. లాగితే గీరుకొనేది మన చర్మమే. అది వదిలిన తరువాత సబ్బుతో కడుక్కుంటే సాధారణంగా సరిపోతుంది. ఆశ్చర్యమేమంటే, ఒకసారి చిన్న కాటు తిన్నవారిలో చాలామందికి భయం పెరగదు, తగ్గుతుంది. కొండంతగా ఊహించుకున్నది గులాబీ ముల్లు గీసినంత అని తేలడమే అందుకు కారణం.

తాతగారు మొదటి వారం గుమ్మం దగ్గరే ఉన్నారు. రెండవ వారం కుర్చీ లోపలికి వచ్చింది. మనవరాలు పెట్టె శుభ్రం చేస్తుంటే కొత్త కాగితాలు అందించారు. ఒకనాడు ఆమె పామును ఒడిలో పెట్టుకొని, తల భాగాన్ని తన చేతిచాటున ఉంచి, "తోక దగ్గర ముట్టుకో తాతయ్యా" అన్నది. ఆయన గుండె దడదడ కొట్టుకుంది. అరచేయి చెమర్చింది. భయం పోయాక ముట్టుకుందామని ఎదురుచూస్తే ఆ రోజు ఎన్నటికీ రాదు. ముట్టుకున్న తరువాతే అది పోవడం మొదలుపెడుతుంది. ఆయన ముట్టుకున్నారు. జిగటగా, తడిగా ఉంటుందని డెబ్బై ఏళ్ళుగా అనుకున్నది పొడిగా, చల్లగా, కొత్త తోలుసంచిలా నునుపుగా ఉంది. చర్మం కింద కండరం మెల్లగా అల కదిలినట్లు కదిలింది. ఆయన చేయి తీయలేదు. కాసేపటికి, "దీని ఒళ్ళు కూడా వణుకుతోందేమే తల్లీ" అన్నారు. వణికింది పామో, తన చేయో మాత్రం ఆయన తేల్చుకోలేకపోయారు.

పాము మచ్చిక కావడమంటే కుక్కలా తోక ఊపడం కాదు. అది యజమానిని ప్రేమిస్తుందని చెప్పడానికి ఆధారాలు లేవు. ఈ చేయి వల్ల అపాయం లేదని గుర్తుపడుతుంది. అంతకంటే ఎక్కువ ఆశించడం దానికి అన్యాయం చేయడమే. ప్రేమకు బదులు ప్రేమ కోరేవారు పిల్లినో కుక్కనో పెంచుకోవడం ఉత్తమం. పాము సుమారు పాతికేళ్ళు బ్రతుకుతుంది. పిల్లల ముచ్చట రెండేళ్ళలో తీరిపోతే మిగిలిన ఏళ్ళు ఆ గాజుపెట్టె బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తెచ్చే ముందే వేసుకోవలసినది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఇరుళలు వెతికిన కొండచిలువలు ఒకప్పుడు ఎవరో ఒకరి ఇళ్ళలో ముచ్చటగా పెరిగి, బరువై, బయట వదలబడిన వాటి సంతానమే.

మరి ఆ తాతగారు ఆరు నెలల తరువాత గూడూరుకు తిరిగివస్తే? డల్లాస్‌లో తెరుచుకున్న చేయి ఇక్కడ మళ్ళీ ముడుచుకోవాలి. ఇది వెనకడుగు కాదు. ఆయన నేర్చింది ఒక్క పామును తాకడం. అన్ని పాములనూ తాకడం కాదు. ఇక్కడ ఆయనకు ఆ పరిచయం మరొక విధంగా పనికివస్తుంది. పొలంలో పాము కనబడితే కర్ర ఎత్తే ముందు రెండు అడుగులు వెనక్కు వేసి, అది ఏ పామో చూడగలిగే నిదానం ఆయనకు చిక్కుతుంది. కేకలు వేయకుండా దారి ఇవ్వగలరు. రాత్రి నడిచేటప్పుడు టార్చిలైటూ కాళ్ళకు బూట్లూ, నిద్రకు మంచమూ దోమతెరా ఎందుకో మనుమలకు చెప్పగలరు. కట్లపాము కాటు తరచు నొప్పి కూడా లేకుండా నిద్రలోనే పడుతుంది. ఎవరికైనా కాటు పడితే తాళ్ళతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వంటివి చేయనివ్వకుండా, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా, విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకుపొమ్మని గట్టిగా చెప్పే పెద్దమనిషి ఊరికి ఒక్కరున్నా ఎంతో మేలు.

పాములను వేరువేరుగా గుర్తించాలన్న ఈ తపన తెలుగు తీరానికి కొత్తది కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉంటూ, విషసర్పమేదో విషం లేనిదేదో సామాన్యులు చూడగానే తెలుసుకోవాలన్న కోరికతో కోరమాండల్ తీరపు పాములను సేకరించి, బొమ్మలు గీయించాడు. స్థానికులు చెప్పిన పేర్లను విన్నది విన్నట్లు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో 'కాటుక రేకుల పొడ' వంటి తెలుగు పేర్లు అలాగే కనిపిస్తాయి. ఒంటి మీది మచ్చలను కాటుక దిద్దిన రేకులుగా చూసిన ఆ అజ్ఞాత తెలుగు కన్నుకు ఎంత అందం తెలుసు! నేడు ప్రపంచం ఆ పామును రస్సెల్ పేరుతో పిలుస్తున్నది, అదే రక్తపింజర. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు ఇచ్చిన 'బంగారస్' అన్న పేరు కూడా రస్సెల్ విని రాసుకున్న తెలుగు 'బంగారం' నుంచే పుట్టింది.

ఆ బంగారమే ఒక పండితుణ్ణి పొట్టనపెట్టుకుంది. కాలిఫోర్నియాకు చెందిన జోసెఫ్ స్లోవిన్‌స్కీ పాములనే తన జీవితంగా చేసుకున్న శాస్త్రజ్ఞుడు. 2001 సెప్టెంబరులో ఉత్తర మయన్మార్ అడవుల్లో పరిశోధనలో ఉండగా, సంచిలో ఉన్నది కట్లపామును పోలిన విషం లేని పాము అని సహాయకులు తలచారు. ఆయన సంచిలో చేయి పెట్టాడు. వేలికి తగిలింది చిన్న కట్లపాము. గంటలు గడిచేకొద్దీ ఒళ్ళు చచ్చుబడింది, ఊపిరి ఆగింది. సహచరులు వంతులవారీగా తమ నోటితో ఆయనకు ఊపిరి పోస్తూ రాత్రంతా నిలబెట్టారు. వర్షం వల్ల సహాయం చేరలేదు. ఆయనకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. డెల్టా ఇళ్ళలోనూ ఇటువంటి జంట ఉంది. గోడల వెంట బల్లులను వెతికే విషంలేని పాముకు చారలు మెడ దగ్గర స్ఫుటంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకు చారలు తోక వైపు స్ఫుటంగా ఉంటాయి. పగటి వెలుగులో, పుస్తకం పక్కన పెట్టుకొని చూసినప్పుడు ఇది సులభం. రాత్రి, మంచం కింద, చేతిదీపం వెలుగులో పండితులకే సులభం కాదు.

ఈ మధ్య పాములను పట్టి అడవిలో వదిలే యువకులు చాలా ఊళ్ళలో కనిపిస్తున్నారు. వారి వల్ల ఎన్నో పాములు, ఎందరో మనుషులు బ్రతుకుతున్నారు. వారిలోనే కొందరు నాగుపామును మెడలో వేసుకొని ఫోను ముందు నిలబడుతున్నారు. పడగకు ముద్దు పెడుతున్నారు. వారికి కావలసింది పాము కాదు, చప్పట్లు. బాధ్యత తెలిసిన శిక్షకులు కొత్తగా వచ్చినవారికి మొదట పట్టడం నేర్పరు. చేతికి కొక్కెం ఇచ్చి, పాముకూ తమకూ మధ్య ఉండవలసిన దూరాన్ని కంటితో కొలవడం నేర్పుతారు. పామును తాకకుండానే గొట్టం గుండా సంచిలోకి పంపే తీరు చూపుతారు. విషం లేని పాములతో చేయి కుదిరేవరకు విషసర్పం దగ్గరకు రానివ్వరు. అంతవరకు కొత్తవాడి పని గుమికూడిన జనాన్ని వెనక్కు నిలబెట్టడం, దీపం కదలకుండా పట్టుకోవడం, పాము లోపలికి వెళ్ళిన తరువాత సంచి మూతి రెండు ముడులు వేసి కట్టడం.